చెడు వార్త యజమానికి ఎప్పుడు తెలుస్తుంది? – చిన్న వ్యాపారం నేర్పిన నాయకత్వ పాఠాలు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

మిత్రులందరికీ నమస్కారం. నన్ను పిలిచి, ఇంత ఓపికగా వినడానికి వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. వెనక వరుసల్లో ఉన్నవారికి వినిపిస్తోంది కదా? వినిపించకపోతే మధ్యలో ఆపి చెప్పండి, మొహమాటపడకండి. మధ్యలో ఆపి చెప్పడం గురించే ఈ రోజు చాలాసేపు మాట్లాడబోతున్నాను.

నేను చాలా ఏళ్లుగా ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. డీటీపీ చేసేవారు, అచ్చుకు కావలసిన ప్లేట్లు తీసేవారు, మిషను నడిపేవారు, బైండింగు చేసేవారు, లెక్కలు చూసేవారు, అందరినీ కలిపినా పన్నెండు మందికి మించని చోటు అది. కాబట్టి నేను చెప్పబోయేదంతా ఆ పన్నెండు మంది మధ్య నిలబడి చూసిన విషయమే. ఇదే విషయాన్ని వేరే రంగాలవారు పరిశీలించి తేల్చినవి కొన్ని చదివాను; నేను చూసినదానికి అవి ఎక్కడ బలాన్నిచ్చాయో అక్కడ వాటినీ ప్రస్తావిస్తాను. మీలో సొంత వ్యాపారం ఉన్నవారు కొందరు, పెద్ద సంస్థల్లో ఐదారుగురికి బాధ్యులుగా ఉన్నవారు కొందరు అని నిర్వాహకులు చెప్పారు. ఇద్దరికీ ఇది పనికొస్తుందనే నమ్మకంతోనే వచ్చాను.

ఎందుకంటే చిన్న వ్యాపారంలో ఒక సౌలభ్యం ఉంది. పెద్ద సంస్థలో పైనున్నవారు అన్న మాట కిందికి చేరేలోపు నాలుగు మెట్లు దిగుతుంది, దాని ఫలితం తిరిగి పైకి రావడానికి నెలలు పడుతుంది, వచ్చేసరికి అది ఏ మాటకు ఫలితమో ఎవరికీ గుర్తుండదు. చిన్న వ్యాపారంలో ఆ దూరం లేదు. యజమాని పొద్దున ఒకరిని నలుగురిలో కసురుకుంటే, ఆ మధ్యాహ్నానికే మిగతావాళ్ల మాటలు పొదుపవుతాయి. కారణం, ఫలితం రెండూ ఒకే గదిలో ఉంటాయి. చూడదలుచుకున్నవాడికి అన్నీ కనిపిస్తాయి. అందువల్ల బృందాన్ని నడిపించడం అంటే ఏమిటో నేర్చుకోవడానికి చిన్న వ్యాపారాన్ని మించిన బడి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

మరి ఆ బడిలో నేర్చుకున్నది ఏమిటి? బృందానికి నాయకుడైనవాడి పని ఏమిటి అని ఎవరినైనా అడిగితే, దారి చూపడం, ఉత్సాహపరచడం, నిర్ణయాలు తీసుకోవడం అని చెబుతారు. కాదనను. కానీ వీటన్నిటికంటే ముందు రావలసిన పని ఒకటుంది. సమస్య పుట్టిన చోటుకూ, దాని మీద నిర్ణయం తీసుకోగలిగిన మనిషికీ మధ్య దారి తెరిచి ఉంచడం. ఆ దారి మూసుకుపోయిందనుకోండి, యజమాని ఎంత తెలివైనవాడైనా, ఎంత కష్టపడినా, తనకు తెలియని విషయం మీద ఏం నిర్ణయం తీసుకుంటాడు? తెలిసిన కొద్దిపాటి సంగతుల మీదే తీసుకుంటాడు. ఆ తెలిసినవి కూడా తనకు నచ్చేలా తీర్చిదిద్దినవై ఉంటాయి.

మా పనిలో ఇది ఎలా ఉంటుందో చెబుతాను. ఒక పుస్తకంలో తప్పు దొర్లింది. అది ప్రూఫు దగ్గర, అంటే అచ్చుకు ముందు సరిచూసే ప్రతిలో దొరికితే ఒక దిద్దుబాటుతో పోతుంది. ప్లేటు తీశాక దొరికితే ఒక ప్లేటు పోతుంది. మిషను ఎక్కాక దొరికితే కాగితం, సిరా, మిషను సమయం పోతాయి. బైండింగయ్యాక దొరికితే పుస్తకం మొత్తం పోతుంది. పార్టీ, అంటే మనకు పని ఇచ్చినవారి చేతికి వెళ్లాక దొరికితే మన మీద ఉన్న నమ్మకం పోతుంది. తప్పు మాత్రం అదే తప్పు. మొదటి రోజు ఉన్నదే చివరి రోజూ ఉంది. పెరిగినదల్లా దాన్ని సరిదిద్దడానికయ్యే ఖర్చు. గోటితో పోయేది గొడ్డలి దాకా రావడం అంటే ఇదే కదా? మరి గోటితో పోయే రోజునే అది కనిపించిన మనిషి ఎందుకు చెప్పడు? ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుదాం.

భయం వల్ల చెప్పరు అని మనం వెంటనే అనుకుంటాం. భయం ఒక కారణమే. కానీ నేను చూసినంతలో ఇంకా మూడు కారణాలు ఉన్నాయి, అవి భయం కంటే తక్కువవి కావు. ఒకటి, “ఇది నా పని కాదు” అనుకోవడం. బైండింగులో ఉన్న మనిషికి అచ్చులో తప్పు కనిపించినా, అది మిషను దగ్గరివాళ్ల సంగతి అనిపిస్తుంది. రెండు, “ఆయనకు ఈపాటికి తెలిసే ఉంటుంది” అనుకోవడం. యజమానికి అన్నీ తెలుసని సిబ్బంది నిజంగానే నమ్ముతారు. మనమే అలా నమ్మిస్తాం కాబట్టి. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది: “సాయంత్రానికల్లా నేనే సరిచేసేస్తాను, ఈలోపు చెప్పడమెందుకు” అనుకోవడం. ఇలా అనుకునేది బద్ధకస్తుడు కాదు, దొంగ కాదు. పని మీద ప్రేమ ఉన్నవాడు, బాధ్యత తెలిసినవాడు, తన వల్ల ఎవరికీ ఇబ్బంది రాకూడదనుకునేవాడు ఇలా అనుకుంటాడు. మన బృందంలో అందరికంటే మంచి పనివాడి దగ్గరే చెడు వార్త ఎక్కువసేపు ఆగిపోవచ్చు. ఈ మాట మరోసారి చెబుతాను, దయచేసి గుర్తుంచుకోండి: మంచి పనివాడి దగ్గరే చెడు వార్త ఎక్కువసేపు ఆగిపోవచ్చు.

ఇక భయం సంగతి. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో, పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో అంతకు మించిన ప్రాణనష్టం కలిగిన ప్రమాదం మరొకటి లేదు. టేకాఫ్ మొదలుపెట్టిన విమానంలో ఉన్న ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. అవతలి విమానం ఇంకా రన్‌వే మీద నుంచి పక్కకు వెళ్లలేదేమో అని అడిగాడు కూడా. కెప్టెన్ వెళ్లిపోయిందని గట్టిగా చెప్పాడు. ఇంజనీరు మళ్లీ అడగలేదు. ఆ కెప్టెన్ సామాన్యుడు కాదు, ఆ విమాన సంస్థలో ఇతర పైలట్లకు శిక్షణనిచ్చే పెద్ద. ప్రమాదానికి పొగమంచు, రేడియోలో ఒకేసారి రెండు మాటలు కలగాపులగం కావడం, ఆలస్యమైపోతోందన్న తొందర, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఆ ఒక్క క్షణం చూడండి. నిజం ఆ కాక్‌పిట్‌లోనే ఉంది. దాన్ని అనుమానించిన మనిషి నిర్ణయం తీసుకునే మనిషికి పక్కనే ఉన్నాడు. అయినా ఆ దూరం దాటలేకపోయింది.

ఆ తర్వాత విమానయాన రంగం ఏం చేసింది? కెప్టెన్లకు విమానం నడపడం కొత్తగా నేర్పలేదు, అది వాళ్లకు బాగా వచ్చు. 1979లో నాసా ఈ విషయం మీద నిపుణులను ఒకచోట కూర్చోబెట్టింది. అక్కడి నుంచి ఒక కొత్త శిక్షణ పుట్టింది. కింది స్థాయివారు అనుమానాన్ని ఎలా చెప్పాలో, ఒకసారి వినకపోతే రెండోసారి ఎలా చెప్పాలో, పైవారు దాన్ని ఎలా వినాలో నేర్పే శిక్షణ అది. వినడం నేర్పారు. విమానం నడిపేవారికే అది నేర్పవలసి వచ్చిందంటే, మనకు దానంతట అదే వచ్చేస్తుందని ఎలా అనుకుంటాం?

నిజమే, మన పనిలో ప్రాణాలు పోవు. కాగితం పోతుంది, డబ్బు పోతుంది, ఒక పార్టీ దూరమవుతుంది. కానీ మనుషుల స్వభావం రెండు చోట్లా ఒకటే. అడిగినవాడికి దక్కిన జవాబు ఎలా ఉందో చూసి, రెండోసారి అడగాలా వద్దా అని మనిషి తేల్చుకుంటాడు.

ఇప్పుడు మా ప్రెస్‌లో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక పుస్తకం అచ్చవుతోంది. పదహారు పేజీల ఫారం, అంటే మడిస్తే పదహారు పేజీలయ్యే పెద్ద కాగితం, మిషను మీద ఉంది. బైండింగులో కొత్తగా చేరిన కుర్రాడు, అచ్చయి వచ్చిన కాగితాల్లో ఒకటి తీసుకుని, మడత ఎలా పడుతుందో నేర్చుకుందామని మడిచి చూస్తున్నాడు. అతనికి ఎవరూ ఆ పని చెప్పలేదు. మడిచాక పేజీలు తిప్పితే ఆరు తర్వాత పదకొండు వచ్చింది. తను మడవడమే తప్పయి ఉంటుందనుకుని మళ్లీ విప్పి మడిచాడు. మళ్లీ అంతే. మిషను దగ్గర ఉన్న ఆపరేటరు అందరికంటే సీనియరు; ప్రెస్‌లో నాతో సమానంగా గౌరవం ఉన్న మనిషి. కుర్రాడు కాగితం పట్టుకుని మిషను పక్కన నిలబడ్డాడు. మాట్లాడలేదు. నిలబడ్డాడంతే. ఆపరేటరు చూసి, “ఏంట్రా?” అన్నాడు. “అన్నా, నేను మడవడం తప్పేమో, ఒకసారి చూడవా?” అన్నాడు కుర్రాడు.

గమనించారా, ఎలా అడిగాడో? “ప్లేటులో తప్పుంది” అనలేదు. “నేను మడవడం తప్పేమో” అన్నాడు. పెద్దవాళ్లతో చెడు వార్త చెప్పేటప్పుడు మనుషులు సాధారణంగా ఇలాగే చెబుతారు. వార్తను తమ తప్పులో చుట్టి ఇస్తారు. తలలో వేరే పని ఉన్నవాడికి లోపలున్న వార్త కనిపించదు, పైనున్న చుట్టే కనిపిస్తుంది. “సరిగ్గా మడువు, పో” అని పంపేస్తాడు. మా ఆపరేటరు అలా పంపలేదు. కాగితం చేతిలోకి తీసుకున్నాడు, తనే మడిచాడు, పేజీలు తిప్పాడు, వెంటనే మిషను ఆపేశాడు. ఆ చప్పుడు ఆగగానే నేను లేచి వచ్చాను.

అక్కడ నేను అడిగినవి మూడే ప్రశ్నలు. ఏం కనిపించింది? ఎన్ని కాగితాలు అచ్చయ్యాయి? ఇప్పుడు ఏం చేద్దాం? ప్లేటు ఎవరు చేశారని అడగలేదు. అది అడగవలసిన ప్రశ్నే, కానీ ఆ నిమిషంలో కాదు. ప్లేటు చేసిన మనిషి నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉంది. ఆమెకు తన తప్పని అప్పటికే తెలిసిపోయింది. నేను ఆ ప్రశ్న అక్కడే అడిగి ఉంటే ఏమయ్యేది? ఆమె తనను కాపాడుకునే ప్రయత్నంలో పడేది, మిగతావారు ఎవరి పక్షం వహించాలా అని చూసేవారు, కుర్రాడికి మాత్రం తన వల్ల ఒకరు నలుగురిలో తిట్లు తిన్నారన్న బాధ మిగిలేది. అతను మరోసారి కాగితం పట్టుకుని మిషను దగ్గరికి వచ్చేవాడా?

కొత్త ప్లేటు ఆమే తీసింది. ఆ సాయంత్రం ఆమె, నేను, ఆపరేటరు కూర్చుని, ప్లేటు మిషను ఎక్కాక మొదటి కాగితాన్ని తప్పనిసరిగా మడిచి, పేజీల వరుస చూసి, చూసినవారు సంతకం పెట్టాకే మిగతాది నడపాలని నిర్ణయించుకున్నాం. ఆ నియమం నేను పెట్టినది కాదు, ఆమె చెప్పినది. తప్పు ఎక్కడ ఎలా జరిగిందో దాన్ని చేసిన మనిషికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ మనిషిని భయపెట్టి నోరు మూయిస్తే, ఆ జ్ఞానం కూడా లోపలే ఉండిపోతుంది.

మిషను ఆపడం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి జపాన్ కార్ల సంస్థ టయోటా సంగతి చెప్పాలి. ఆ సంస్థను పెట్టిన కుటుంబానికి మూలపురుషుడైన సకిచీ టయోడా నేత మగ్గాలు తయారు చేసేవాడు. 1924 నాటి ఆయన ఆటోమేటిక్ మగ్గం, నూలుపోగు తెగితే తనంతట తానే ఆగిపోయేది. చెడ్డ బట్ట గజాల కొద్దీ నేసిన తర్వాత చూసుకోవడం కంటే, పోగు తెగిన చోటే ఆగడం మేలు కదా? తర్వాత కార్ల కర్మాగారంలో అదే ఆలోచన మనుషుల చేతికి వచ్చింది. లైను మీద పనిచేసే ఏ కార్మికుడైనా తేడా కనిపిస్తే పైనున్న తాడు లాగవచ్చు. లాగగానే ఆ విభాగం పెద్ద వచ్చి చూస్తాడు, అక్కడికక్కడ సరికాకపోతే లైను ఆగుతుంది. చాలామంది ఈ తాడు గురించి గొప్పగా చెబుతారు. తాడు కట్టడం సులభం. తాడు లాగినవాడి దగ్గరికి వచ్చిన పెద్దమనిషి ముఖం ఎలా ఉందన్నదే అసలు విషయం. ముఖం చిట్లించుకుని వస్తే ఆ తాడు వారం తిరిగేసరికి అలంకారంగా మిగులుతుంది.

అందుకని నేను నా ప్రెస్‌లో ఒక అలవాటును పట్టుదలగా కాపాడుకుంటున్నాను. ఎవరైనా చెడు వార్త తెచ్చినప్పుడు నా నోటి నుంచి వచ్చే మొదటి మాట “చెప్పి మంచి పని చేశావు” అనే ఉండాలి. విసుగు వచ్చినా, నష్టం ఎంతో అప్పటికే లెక్క తెలిసినా, మొదటి మాట అదే. ఇది నటన కాదా అని మీకు అనిపించవచ్చు. కాదు. చెప్పడం నిజంగానే మంచి పని. తప్పు జరగడం వేరు, దాన్ని చెప్పడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి, తప్పు మీద వచ్చిన కోపాన్ని చెప్పినవాడి మీద చూపిస్తే, తప్పులు తగ్గవు, చెప్పడం తగ్గుతుంది.

ఇది ఊహ కాదు. హార్వర్డ్‌లో ఆచార్యురాలైన ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పరిశోధన చేశారు. ఐకమత్యంగా, చక్కగా పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తీస్తే అలాంటి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తరచి చూస్తే తేలిందేమిటంటే, ఆ బృందాలవారు పొరపాట్ల గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుంటున్నారు. మిగతా చోట్ల దాచేస్తున్నారు. ఒక్కసారి ఆలోచించండి. మీ దగ్గరికి ఏ ఫిర్యాదూ రావడం లేదంటే, మీ బృందం అద్భుతంగా పనిచేస్తోందని అర్థమా, లేక మీ దగ్గరికి దారి మూసుకుపోయిందని అర్థమా? వారమంతా ఎవరూ ఏ ఇబ్బందీ చెప్పకపోతే నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువ వస్తుంది. అప్పుడు నేనే లేచి వెళ్లి అడుగుతాను. “అంతా బాగుందా?” అని మాత్రం అడగను. ఆ ప్రశ్నకు “బాగుంది సార్” అన్న జవాబు ఒక్కటే ఉంటుంది. “ఈ వారం ఏ పని దగ్గర ఎక్కువసేపు పట్టింది?” అని అడుగుతాను. దానికి ఒక పని పేరు చెప్పక తప్పదు. మాట అక్కడి నుంచి మొదలవుతుంది.

దారి రెండు వైపులా ఉండాలి

ఇంతవరకూ కింది నుంచి పైకి వచ్చే వార్త గురించి మాట్లాడాను. పై నుంచి కిందికి వెళ్లే చెడు వార్త సంగతేమిటి? మన కష్టం మన వాళ్లకు చెబుతున్నామా?

చిన్న వ్యాపారంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు, లాభం వేరు, చేతిలో డబ్బు వేరు. పుస్తకాల్లో లాభం కనిపిస్తూనే ఉంటుంది. పార్టీల దగ్గర బాకీలు ఆగిపోయి, కాగితం కొనడానికి ఇబ్బంది పడే నెలలు ఉంటాయి. అలాంటప్పుడు యజమానులు సాధారణంగా రెండు రకాలుగా ప్రవర్తిస్తారు. కొందరు ఏమీ చెప్పరు, ముఖం మాత్రం మాడ్చుకుని తిరుగుతారు. కొందరు అందరి ముందూ తమ కష్టాలన్నీ ఏకరువు పెడతారు. రెండూ మంచివి కావు. మొదటిదానివల్ల ప్రెస్ మూసేస్తున్నారట అన్న పుకారు పుడుతుంది. ఎందుకంటే ఖాళీ ఉన్న చోట మనుషులు తమ ఊహలతో నింపుకుంటారు, ఆ ఊహలు ఎప్పుడూ నిజం కంటే పెద్దవిగానే ఉంటాయి. రెండోదానివల్ల మన భారం వాళ్ల నెత్తిన పడుతుంది, దించుకునే శక్తి వాళ్లకు ఉండదు. నేను పాటించేది ఇది: రావలసిన బాకీ ఎంతో, ఏ వారానికి వస్తుందనుకుంటున్నామో, జీతాల డబ్బు ఎక్కడ పక్కన పెట్టి ఉందో చెబుతాను. జీతం ఆ తేదీకి ఇచ్చి తీరతాను. నేను తీసుకునేది ఆలస్యమైతే కానివ్వండి, వాళ్లది కాకూడదు. జీతం తేదీ తప్పిన యజమాని నాయకత్వం గురించి చెప్పే ఏ మాటా ఎవరి చెవికీ ఎక్కదు, ఎక్కకూడదు కూడా.

పని అప్పగించడం కూడా పై నుంచి కిందికి వెళ్లే వార్తే. ఇక్కడ మనం చాలా అస్పష్టంగా మాట్లాడతాం. “అది కాస్త చూడు”, “తొందరగా కానిచ్చేయ్”, “బాగా రావాలి”. కాస్త అంటే ఎంత? తొందరగా అంటే సాయంత్రమా, ఎల్లుండా? బాగా అంటే ఎవరి కంటికి? చెప్పినవాడి మనసులో అన్నీ స్పష్టంగానే ఉంటాయి, విన్నవాడికి ముక్కలు అందుతాయి. పని అప్పగించేటప్పుడు నేను తప్పకుండా చెప్పేవి ఏమిటంటే, ఈ పని ఎవరి కోసం, ఎప్పటికి కావాలి, పూర్తయిందని మనకు ఎలా తెలుస్తుంది, మధ్యలో ఏ నిర్ణయాలు నన్ను అడగకుండా నువ్వే తీసుకోవచ్చు. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ బృందం ఎదిగేది దానివల్లే. కాగితం రకం మారితే నన్ను అడుగు, అంచు ఎంత కత్తిరించాలో నువ్వే చూసుకో అని గీత గీసి చెబితే, ఆ గీత లోపల మనిషి ధైర్యంగా పనిచేస్తాడు. గీత చెప్పకపోతే రెండే జరుగుతాయి: ప్రతిదానికీ వచ్చి అడుగుతాడు, లేదా దేనికీ అడగడు.

ఆజ్ఞలివ్వడం గురించి నూరేళ్ల క్రితమే మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్ ఆలోచనాపరురాలు చాలా లోతుగా చెప్పారు. 1868లో పుట్టి 1933లో మరణించిన ఆమె వ్యాపార సంస్థల నిర్వాహకులకు ఉపన్యాసాలు ఇచ్చేవారు. ఒక మనిషి మరో మనిషికి ఆజ్ఞ ఇవ్వడం కాకుండా, ఇద్దరూ కలిసి పరిస్థితిని పరిశీలించి, అది ఏం కోరుతోందో దాన్ని ఇద్దరూ పాటించాలన్నది ఆమె ఆలోచన. మా పనిలో దీన్ని రోజూ చూస్తాను. “రాత్రి ఎనిమిది దాకా ఉండు” అంటే అది నా ఆజ్ఞ. “రేపు పొద్దున పదికి పుస్తకాలు సభకు చేరాలి, అతికించినవి ఆరడానికి ఇంతసేపు కావాలి, ఎలా చేద్దాం?” అని గోడ మీది షెడ్యూలు ముందు నిలబడి అడిగితే, “నేను ఎనిమిది దాకా ఉంటాను, కానీ ఎల్లుండి కాస్త ఆలస్యంగా వస్తాను” అని అతనే అంటాడు. ఒక్కోసారి నాకు తట్టని దారి కూడా చెబుతాడు. ఉండేది అదే ఎనిమిది గంటల వరకు. కానీ మొదటిది నా కోసం, రెండోది పని కోసం.

అందరి పని ఎవరి పని?

కలిసి పనిచేయడం గురించి మనకు మంచి మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ నిజమేనా? ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు 1880లలో మనుషుల చేత తాడు లాగించి బలాన్ని కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒంటరిగా లాగినప్పుడు మనిషి పెట్టే బలం, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు సగానికి పడిపోయింది. కొంత ఒకరి లాగుడుకు మరొకరి లాగుడు కుదరకపోవడం వల్ల, కొంత మిగతావాళ్లు లాగుతున్నారు కదా అన్న భావన వల్ల. తర్వాతి పరిశోధకులు ఇంకో మాట కూడా తేల్చారు: ఎవరి కష్టం ఎంతో విడిగా తెలిసే ఏర్పాటు ఉంటే ఆ రెండో లోపం పోతుంది.

“అందరం కలిసి ఈ జాబ్ పూర్తి చేద్దాం” అనే మాట వినడానికి బాగుంటుంది. ఆ జాబ్ టికెట్, అంటే పని వివరాలు రాసే చీటీ మీద ఒక పేరు లేకపోతే మాత్రం అది ఎవరిదీ కాదు. మా దగ్గర ప్రతి ఆర్డరు సంచి మీద ఒక మనిషి పేరు రాసి ఉంటుంది. పని పది చేతులు మారవచ్చు, కానీ అది ఎక్కడుందో చెప్పవలసిన మనిషి ఒక్కరే. తిట్టడానికి ఆ పేరు రాయలేదు. పార్టీ ఫోను చేసి బాగా వచ్చిందని చెప్పినప్పుడు ఆ పేరు ఉన్న మనిషికి ఫోను ఇస్తాను. ఎవరి కష్టమో వాళ్లకే పొగడ్త చేరాలి, అదీ ఆ రోజే చేరాలి.

పేర్ల గురించే ఇంకో సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల కోసం ఒక చెక్‌లిస్టు తయారు చేసింది. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించి 2009లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పెద్ద సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ చెక్‌లిస్టులో మందుల గురించీ పరికరాల గురించీ ఉన్న అంశాల మధ్య, కత్తి పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరూ, తాము చేసే పనీ పైకి చెప్పాలని ఒక అంశం ఉంది. నాకు దాని అర్థం ఇలా తోస్తుంది: ఒక్కసారి నోరు తెరిచిన మనిషికి రెండోసారి తెరవడం తేలిక. పొద్దున పని మొదలయ్యేటప్పుడు మేం ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటాం. అందులో నేను చివర మాట్లాడతాను, అందరికంటే కొత్తగా చేరినవారు ముందు మాట్లాడతారు. యజమాని ముందు మాట్లాడితే ఆ తర్వాత వినిపించేది ఆయన మాటకు ప్రతిధ్వనే.

బృందం పెరిగినప్పుడు ఏమవుతుందో కూడా చెప్పాలి, మీలో చాలామంది వ్యాపారం పెంచే ఆలోచనలో ఉన్నారు కాబట్టి. ఐదుగురు ఉంటే వారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జంటలు పది. పన్నెండు మంది ఉంటే అరవై ఆరు. మనుషులు రెట్టింపుకు కాస్త ఎక్కువైతే, మాట వెళ్లవలసిన దారులు ఆరు రెట్లు దాటాయి. కంప్యూటర్ల సంస్థ ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఈ లెక్క చూపించి, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందని చెప్పాడు. కొత్తవారికి నేర్పడానికి పాతవారి సమయమే పోతుంది కదా? ఐదుగురు ఉన్నప్పుడు ఒకరి మాట ఒకరికి దానంతట అదే వినబడింది. పన్నెండు మంది అయ్యాక వినబడదు, వినబడే ఏర్పాటు చేయాలి. మాకు అది ఒక నోటు పుస్తకం. షిఫ్టు దిగేవారు ఏ జాబ్ ఎక్కడ ఆగింది, మిషను ఏ ఇబ్బంది పెట్టింది, తర్వాతివారు దేన్ని ముట్టుకోకూడదు అన్నది అందులో రాస్తారు. చేరే మనిషి అది చదివి సంతకం పెట్టాకే మిషను ఆన్ చేస్తారు.

ఉద్యోగంలోకి తీసుకోవడం గురించి ఎక్కువ చెప్పను. చేతి పని నేర్పవచ్చు. తనకు తెలియనిదాన్ని తెలియదని చెప్పే గుణం నేర్పడం కష్టం. రెండోది ఉందో లేదో చూసి తీసుకోండి. బంధువులను, స్నేహితుల పిల్లలను తీసుకుంటే తీసుకోండి, కానీ వాళ్లకు వేరే నియమాలు ఉండకూడదు. ఒక్కరికి ఒక్క మినహాయింపు ఇచ్చినా, మిగతా పదకొండు మంది దాన్ని గుర్తుపెట్టుకుంటారు. ఇక ఆ ఒక్కరి గురించి మీకు ఎవరూ ఏదీ చెప్పరు. ఆ దారి అక్కడ మూతపడినట్టే.

చివరిగా, వెళ్లిపోయేవారి గురించి. చిన్న చోట ఒక మంచి పనివాడు మానేస్తానంటే గుండెలో రాయి పడుతుంది. కోపం వస్తుంది, ఇంత నేర్పించాను కదా అనిపిస్తుంది. అది సహజమే. కానీ అంతవరకూ లోపల ఉంచుకున్న మాటలను ఇక మన దగ్గర జీతం కోసం దాచుకోనక్కరలేనివాడు అతనొక్కడే. లెక్క చూసి, ఇవ్వవలసినదంతా ముందు చేతిలో పెట్టి, ఆ తర్వాతే మాట్లాడాలి; డబ్బు మన చేతిలో ఉండగా అడిగితే మనకు నచ్చే జవాబే వస్తుంది. నేను అడిగేది ఇది: “ఇన్నాళ్లూ నాకు చెప్పాలనుకుని చెప్పనిది ఏమిటి?” కొందరు ఏమీ లేదంటారు. ఒకాయన మాత్రం కాసేపు ఆలోచించి, “మీరు లెక్కల పుస్తకం తెరిచి కూర్చున్నప్పుడు మేం ఎవ్వరం మీ దగ్గరికి రాము సార్, పొద్దున మీరు చేసేది అదే పని” అన్నాడు. నేను లెక్కలు చూసుకునే సమయం సాయంత్రానికి మార్చాను. పొద్దున పదిన్నర దాకా నా బల్ల మీద ఇప్పుడు ఏ పుస్తకమూ ఉండదు. ఆ గంటలో మా వాళ్లు వస్తున్నారు.

ఇక మీ ప్రశ్నలు వింటాను. ముందు వెనక వరుసల్లో ఉన్నవారు అడగండి.